డబ్బాలో చెయ్యి పెట్టిన బావ

నాగావళికి పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు. శ్రీకాకుళంలో చిన్న ఆఫీసు. గోవింద్ తల పట్టుకుని కూర్చున్నాడు.

ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో కంపెనీకి సొంత క్లౌడ్ నిలబెట్టాలి. దాని సర్వీసులు కంటైనర్లనే డబ్బాల్లో నడుస్తాయి. ఏ డబ్బా అయినా చస్తే, వాటిని కనిపెట్టుకుని ఉండే కుబర్నెటీస్ అనే ప్రోగ్రాం దాన్ని పారేసి, ఫైల్లో రాసి ఉన్నట్టే కొత్తది పెడుతుంది.

గోవింద్ లాగిన్ సర్వీసును బాగుచేశాడు. టీ తాగి వచ్చేసరికి చచ్చి ఉంది. మళ్లీ బాగుచేశాడు. మళ్లీ చచ్చింది.

“ఏటి బావా, మళ్లీ డబ్బాలో సెయ్యెట్టినావా?” అంది పక్క సీట్లోంచి తులసి. అతని మేనమామ కూతురు.

“ఇప్పుడే బాగయిందే!”

“అవుతాది. డబ్బా మారితే నీ బాగు దాంతోనే పోతాది. ఫైల్లో రాయమని ఎన్నిసార్లు సెప్పాలి?”

“రాస్తాన్లే. ముందు నడవనీ.”

“అదే నాకు మండేది!”

బయట వాన మొదలైంది. ఆమె వానను చూసింది గాని అతన్ని చూడలేదు.

ఆ మంట సర్వీసు మీద కాదని గోవింద్‌కు తెలుసు. రేపు పాతపట్నం నుంచి ఆమెకు పెళ్లిచూపులు. మొదటి సంబంధం వచ్చినప్పుడు, పిల్లకు కోపం ఎక్కువని పెళ్లికొడుక్కి ఫోన్ చేసి తప్పించాడు. రెండోసారి జాతకం కుదరలేదని పూజారి చేత చెప్పించాడు. తులసిని తనకిమ్మని మావతో మాత్రం ఒక్క ముక్క అనలేదు.

“రేపటోళ్లకి ఏటి సెప్తావు?”

“ఆలోసిస్తన్నాను.”

“ఆలోసించు! ఒకడ్ని తరిమితే ఇంకోడొస్తాడు. మా నాన్న బుర్రలో నీ పేరు లేనన్నాళ్లూ వస్తూనే ఉంటారు. ఈసారి నేను నచ్చేడంటాను, సూడు.”

“ఒసే తులసీ...”

“ఒసే లేదు, గిసే లేదు.” గొడుగు తీసుకుంది. గుమ్మంలో ఆగింది. “పొలానికెల్లే ముందు నాన్న ఇంట్లోనే ఉంటాడు” అని వానలోకి దిగిపోయింది.

గోవింద్ ఫైలు తెరిచాడు. చెయ్యాల్సిన మార్పు అందులో రాశాడు. డబ్బాను తానే చంపాడు. కొత్తది లేచింది. ఈసారి పడలేదు.

తెల్లారగానే పొందూరులో మావ లక్ష్ముడి ముందు నిలబడ్డాడు.

“మావా, తులసిని నాకియ్యి.”

లక్ష్ముడు తలగుడ్డ చుట్టుకుంటూ ఎగాదిగా చూశాడు. “ఒరే, ఇన్నాళ్లూ నోరెక్కడెట్టినావు? పూజారి నాకంతా సెప్పేడు. అడగనోడికి పిల్లనెలాగిస్తాను?”

లోపల గాజులు గలగలమన్నాయి.

“పాతపట్నమోళ్లు బయల్దేరిపోతారు. ఫోన్ నువ్వే సెయ్యి. ఈసారి అబద్ధమాడినావో, పిల్ల లేదు.”

గోవింద్ అరుగు మీద కూర్చుని ఫోన్ చేశాడు. “నమస్కారమండీ. మీరు రావద్దండీ. ఆ పిల్లని నేను సేసుకుంటన్నాను” అన్నాడు. తర్వాత అవతలివాళ్లు పెట్టిన చివాట్లన్నీ ఓపిగ్గా విన్నాడు.