నిటారుగా నిలబడ్డ మూడు కార్లు

పాత కార్లు అమ్మే యార్డు ఓనర్ తన ఆఫీసు గదిలో బోర్లా పడి ఉన్నాడు.

తల వెనక పెద్ద గాయం. పక్కనే వీల్ స్పానర్. బల్ల మీద ఆయన కళ్లజోడు మడత పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఉదయం తొమ్మిదిన్నర. ఫొటోగ్రాఫర్ అప్పటికే యార్డంతా ఫొటోలు తీశాడు. ఇన్‌స్పెక్టర్ మాత్రం అప్పుడే జీపు దిగింది, అదీ చిరాగ్గా. ఆలస్యానికి కారణం ఆమె సొంత కారు.

అది పన్నెండేళ్ల నాటి లగ్జరీ సెడాన్. మోజుపడి సెకండ్ హ్యాండ్‌లో కొంది. భర్త వద్దు వద్దని మొత్తుకున్నాడు. వింటేగా! కొన్న నెలనుంచీ అది చుక్కలు చూపిస్తోంది. ఒక వారం గేర్‌బాక్స్ కుదుపు. ఇంకో వారం కూలెంట్ లీకు. డ్యాష్‌బోర్డ్ మీద ఏదో ఒక ఎర్ర లైటు వెలగని రోజు లేదు. ఈ ఉదయమైతే ముందు చక్రాల మీదికి చతికిలబడి, బంపర్ నేలకి ఆనించి కూర్చుంది.

అందుకే యార్డు ముందు వరసలో అదే మోడల్ సెడాన్లు మూడు కనబడేసరికి ఆమెకి ఒళ్లు మండింది. మూడూ తళతళా మెరుస్తూ, నిటారుగా, దర్జాగా నిలబడి ఉన్నాయి.

'లోకంలో అందరి కార్లూ బాగానే ఉంటాయి. నా ఖర్మే ఇలా కాలింది' అనుకుంటూ లోపలికి నడిచింది.

గుమ్మం దగ్గర ఒక యువకుడు తల పట్టుకుని కూర్చున్నాడు. చనిపోయిన మనిషికి బావమరిది. యార్డులో భాగస్తుడు కూడా.

"ముందు చూసింది మీరేనా?"

"నేనే మేడం. తొమ్మిదికి వచ్చాను. గేటు ఊరికే చేరవేసి ఉంది. లోపలికొచ్చి చూస్తే బావ..." కళ్లు తుడుచుకున్నాడు. "వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేశాను."

"ఏమైనా ముట్టుకున్నారా?"

"నా ఫోను తప్ప ఏదీ ముట్టుకోలేదు."

"కార్ల తాళాలు భద్రంగా ఉన్నాయా?"

"అన్నీ నా దగ్గరే ఉన్నాయి మేడం." భుజాన ఉన్న సంచి తెరిచి చూపించాడు. "ఒకసారి ఇక్కడ దొంగతనం జరిగింది. అప్పట్నుంచీ రాత్రిళ్లు నాతోపాటే ఇంటికి తీసుకెళ్తున్నాను. బావ చేతికి కూడా ఇవ్వను."

"రెండో తాళాలు?"

"సెకండ్ హ్యాండ్ బండ్లకి రెండో తాళం ఎక్కడుంటుంది మేడం!"

తాళాల సంచిని ఎస్సై స్వాధీనం చేసుకున్నాడు. డాక్టర్ వచ్చి చూశాడు. చావు జరిగి గంటో, గంటన్నరో అయి ఉంటుందన్నాడు. దెబ్బ తగిలిన వెంటనే ప్రాణం పోలేదని కూడా అన్నాడు.

పదిన్నరకల్లా ఎస్సై ఒక మనిషిని పట్టుకొచ్చాడు. ఎదురుగా మందుల షాపతను ఇచ్చిన సమాచారం అది. ఎనిమిది గంటలకి ఎవరో యార్డు గేటు బాదుతూ నానా తిట్లూ తిట్టాడట.

ఆ మనిషి ఒక టైలర్. బక్కపలచగా ఉన్నాడు. కోపంతో ఊగిపోతున్నాడు.

"ఈ యార్డులో కారు కొన్నావా?"

"కొన్నానా? మెడకి గుదిబండ కట్టుకున్నాను మేడం! పెళ్లిళ్లకి అద్దెకి తిప్పుదామని ఆశపడ్డాను. దించిన కిటికీ అద్దం ఎక్కదు. ఎక్కిన ఇంజిన్ వేడి దిగదు. నిన్న పెళ్లికొడుకుని నడిరోడ్డు మీద దింపేసింది. పాపం, అతను మామగారి స్కూటర్ వెనక కూర్చుని పెళ్లికి వెళ్లాడు. వాళ్లు నన్ను కొట్టకుండా వదలడమే ఎక్కువ."

"నిన్న సాయంత్రం ఇక్కడికొచ్చి, చంపేస్తానని ఓనర్ని బెదిరించావట. ఆయన బావమరిది చెప్పాడు."

"అన్నాను. కోపంలో ఎవరైనా అంటారు. రాత్రి ఆయనే ఫోన్ చేశాడు. 'పొద్దున్నే రా అన్నా, కారు వెనక్కి తీసుకుంటాను, నాకూ నిద్ర పట్టడం లేదు' అన్నాడు. సరేనని వచ్చాను. చూస్తే గేటు లోపల గడియ పెట్టి ఉంది. లోపల ఇంజిన్లు మోగుతున్నాయి. మనుషులుండి కూడా తలుపు తీయలేదు. మళ్లీ బురిడీ కొట్టించారని తిట్టి వచ్చేశాను."

"ఇంజిన్లా?" ఎస్సై నవ్వాడు. "తాళాలన్నీ బావమరిది ఇంట్లో ఉంటే ఇంజిన్లు వాటంతటవే మోగాయా? అబద్ధమైనా అతికినట్టు చెప్పాలయ్యా!"

ఓనర్ ఫోన్ చేసిన మాట నిజమేనని రికార్డు చెప్పింది. ఏం మాట్లాడాడో మాత్రం ఎవరు చెప్పగలరు?

మధ్యాహ్నానికి పైఅధికారి నుంచి ఫోన్. "బెదిరించాడు. గేటు దగ్గర కనబడ్డాడు. ఇంకా ఏం కావాలమ్మా? రేపు పదింటికి కోర్టులో హాజరుపరిచి రిమాండ్‌కి పంపెయ్."

ఇన్‌స్పెక్టర్‌కి తల బొప్పి కట్టింది. అన్నీ సరిగ్గానే కుదిరాయి. కానీ ఎక్కడో ఏదో తేడా కొడుతోంది. అదేమిటో అందక పిచ్చెక్కినట్టుంది.

స్టేషన్ వరండాలో టైలర్ భార్య బెంచీ మీద కూర్చుని ఉంది. షాపులోంచి ఉన్నపళంగా వచ్చేసింది కాబోలు, మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"సూది గుచ్చుకుంటేనే నన్ను పిలిచి చూపించే మనిషమ్మా మా ఆయన. ఆయన ఇంకొకరి తల పగలగొడతాడా? రేపు జైలుకి పంపిస్తే మళ్లీ మనిషిగా తిరిగిరాడు."

ఇన్‌స్పెక్టర్ తలొంచుకుని జీపెక్కింది.

సాయంత్రం ఆరింటికి ఇంటికి చేరేసరికి భర్త వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీ మహారాణీగారు పొద్దున కూర్చున్నవారు ఇంకా లేవలేదు."

"వేళాకోళం ఆపు. అసలే మండిపోతున్నాను. మెకానిక్ ఏమన్నాడు?"

"ఎయిర్ సస్పెన్షన్ అట. స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. పాతబడి చిల్లులు పడ్డాయి. రాత్రంతా గాలి పోతుంది, పొద్దుటికి కారు కూలబడుతుంది. ఇంజిన్ ఆన్ చేస్తే కంప్రెసర్ గాలి కొట్టి మళ్లీ లేపుతుంది. ఈ వయసు సెడాన్లన్నిటికీ ఉన్న రోగమేనట."

"మరి కొన్న రోజు రాజులా నిలబడిందే!"

"నువ్వు వెళ్లే ముందు కాసేపు ఇంజిన్ ఆన్ చేసి ఉంచారు. పాత కార్లు అమ్మేవాళ్లు రోజూ పొద్దున్నే చేసే మొదటి పని అదేనట. చెబితే విన్నావా..."

ఆమె వినడం లేదు. కళ్లముందు మూడు సెడాన్లు కదిలాయి. తళతళా మెరుస్తూ, నిటారుగా, దర్జాగా.

"ఛ! పొద్దున్నుంచీ కళ్లెదురుగానే ఉందే!"

వెంటనే ఎస్సైకి ఫోన్ చేసింది. "పొద్దున తీసిన ఫొటోలు పంపించు. ఆ తాళాలు తీసుకుని యార్డుకి వెళ్లు. ముందు వరసలో మూడు సెడాన్లనీ స్టార్ట్ చెయ్. లేచాక ఆపేసి, ఫొటో తీసి, గేటుకి సీలు వెయ్. కాపలా పెట్టు. తాళాలు నీ దగ్గరే ఉండాలి."

"ఎందుకు మేడం?"

"నా కారు పుణ్యమా అని."

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. యార్డు గేటు ముందు అందరూ నిలబడ్డారు. బావమరిది, అతని అక్క, బేడీలతో టైలర్, అతని భార్య. అక్క కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి. తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

ఎస్సై సీలు తీశాడు. గేటు తెరుచుకుంది.

మూడు సెడాన్లూ పొట్టలు నేలకి ఆనించి కూలబడి ఉన్నాయి.

బావమరిది ముఖం పాలిపోయింది.

"నిన్న మీరు తొమ్మిదికి వచ్చారు. కారేదీ స్టార్ట్ చేయలేదు. అంతేనా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"అంతే. ఎన్నిసార్లు చెప్పాలి మేడం?"

"ఇదే ఆఖరుసారి. తాళాలు రాత్రంతా మీ దగ్గరే ఉన్నాయి. రెండో తాళాలు లేవు. అవునా?"

"అవును."

ఆమె ఫొటో పైకెత్తింది. "ఇది నిన్న ఉదయం తొమ్మిదీ ఇరవైకి తీసింది. ఇదే మూడు కార్లు. చక్రానికీ పైన రేకుకీ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయి. నిన్న సాయంత్రం మేం వీటిని మళ్లీ లేపి తాళం వేశాం. ఇప్పుడు చూడండి, వేలు కూడా దూరదు. ఒక్క రాత్రిలో కూలబడే కార్లు నిన్న ఉదయం ఎలా నిలబడ్డాయి?"

"ఒక్కోరోజు గాలి పోదు మేడం."

"మూడింటికీ ఒకే రోజు పోలేదా?"

అతను కార్ల మీంచి చూపు తిప్పుకున్నాడు.

"తాళాలున్న మనిషి తొమ్మిదికి ముందే వచ్చాడు. రోజూ లాగే ఇంజిన్లు ఆన్ చేశాడు. ఈ టైలర్ విన్నది ఆ చప్పుడే. తర్వాత ఇంజిన్లు ఆపి, బయటివాడెవడో వచ్చినట్టు కనబడాలని గేటు గడియ తీసి, యార్డు వెనక సందులోంచి వెళ్లిపోయాడు. తొమ్మిదికి ఏమీ ఎరగనట్టు వచ్చాడు. మీరు ఇంజిన్లు ఆపగలిగారు కానీ, లేచిన కార్లని మళ్లీ కూర్చోబెట్టలేకపోయారు."

అక్క తమ్ముడి చెయ్యి వదిలేసింది.

"ఒరేయ్... నిజమేనా?"

అతను అక్కడే కూలబడ్డాడు. "బావకి మతి పోయిందక్కా! టైలర్ కారే కాదు, అమ్మినవన్నీ వెనక్కి తీసుకుంటానన్నాడు. ఈ మూడింటి అద్దాల మీద ఏం చెడిందో రాసిపెట్టమన్నాడు. ఇక కొనేవాడెవడు? ఇంజిన్లు ఆపెయ్యరా అని మీదికొచ్చాడు. మాటా మాటా పెరిగింది. చేతిలో స్పానర్ ఉంది..."

"ఈయన గేటు కొట్టినప్పుడు..." అక్క అడిగింది. "మీ బావ బతికే ఉన్నారా?"

"ఉన్నాడు. 'అన్నా' అని పిలిచాడు. ఇంజిన్ల చప్పుడులో బయటికి వినబడలేదు."

ఆమె చీర చెంగు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుంది. టైలర్ భార్య పరుగున వెళ్లి పట్టుకుంది.

కానిస్టేబుల్ టైలర్ బేడీలు తీశాడు. అతను మణికట్లు రుద్దుకోలేదు. గేటు వంకే చూస్తూ ఉండిపోయాడు. ఎస్సై దగ్గరకొచ్చి ఏదో సర్దిచెప్పబోయాడు. అతనికి వినబడినట్టే లేదు.

కాగితాల పని ముగిసేసరికి పదకొండు దాటింది. ఇన్‌స్పెక్టర్‌కి సిగ్గుగా ఉంది. ఒక రోజంతా ఈ మనిషిని నమ్మకుండా కూర్చోబెట్టింది తనే.

"రండి, ఇంటి దగ్గర దింపుతాను."

భార్యాభర్తలు వెనక సీట్లో కూర్చున్నారు. పొద్దున ఇంజిన్ ఆన్ చేసి లేపి, ఇన్‌స్పెక్టర్ తన సెడాన్‌లోనే వచ్చింది. దాని ముందు భాగం అప్పుడే మళ్లీ కిందికి జారింది. ఇంజిన్ ఆన్ చేసింది.

"ఒక్క నిమిషం ఆగాలి. ఇది లేవాలిగా."

ఇంజిన్ మోగుతోంది. కారు మెల్లగా లేస్తోంది. అద్దంలో టైలర్ ముఖం కనబడింది. రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు.

"తిట్టి వెళ్లిపోయాను మేడం" అన్నాడు. "ఆయన నన్ను పిలుస్తుంటే, నేను ఆయన్ని తిట్టి వెళ్లిపోయాను."

భార్య అతని వీపు మీద చెయ్యి వేసింది.

"ఇంజిన్ ఆపండి మేడం. దండం పెడతాను. మేం నడిచే వెళ్తాం."

ఆమె ఇంజిన్ ఆపేసింది.