గోదాట్లో మునిగితేనే అల్లుడు

తెల్లారేసరికే సారపాక రోడ్డు మీద జామాయిలు కర్ర లారీలు కాగితం మిల్లు గేటు దాకా వరస కట్టి ఉన్నాయి. క్రీస్తుదాసు తన కర్ర డిపో ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏన్కూరు రైతు పగిడయ్య తెచ్చిన ట్రాక్టరు లోడు అతని ముందు నిలబడి ఉంది. రెండువేల ఏడు, మే నెల. పొద్దెక్కకముందే ఎండ వీపు మీద కూర్చుంది.

క్రీస్తుదాసు లేచి ఒక దుంగ బెరడు గోటితో గీరి చూశాడు. వేలికి తడి అంటింది.

"నిన్న కొట్టిన కర్రను పదిరోజుల కిందిదంటవేంది పగిడయ్యా?"

"నీడన పెట్టిన సేటూ, గందుకే ఆరలే. ఏసు తోడు."

"ఏసును కాంటా ఎక్కియ్యకు. కర్రనెక్కియ్యి, తేమ బరువు తీసేసి తూకమేస్త."

పగిడయ్య నవ్వి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "గది సరే గానీ, బిడ్డొచ్చిందట గదా. ఇంగ్లండు దొర అల్లుడైతుండట?"

"ఇంగ్లండు కాదు, ఐర్లాండు."

"రెండూ ఒకటే గాదా?"

"గదే గదా వాళ్ల పంచాయితీ," అని క్రీస్తుదాసు ఇంటిదారి పట్టాడు.

ఆ పంచాయితీ ఇప్పుడు తన వంటింటి దాకా వచ్చి కూర్చుంటుందని అతను ఏనాడూ అనుకోలేదు. ఒక్కగానొక్క కూతురు హెప్సిబా నర్సు చదివి, నాలుగేళ్ల కింద బెల్‌ఫాస్ట్‌లో ఆస్పత్రి ఉద్యోగానికి వెళ్లింది. ఆ ఐర్లాండు దీవిలో కింది భాగం ఎప్పుడో ఇంగ్లండు నుంచి విడిపోయి సొంత దేశమైందని, పై భాగం మాత్రం ఇంగ్లండుతోనే ఉండిపోయిందని ఆమె ఫోన్లో చెబితే విన్నాడు. పై భాగంలో ప్రొటెస్టెంట్లు ఉన్నచోటనే ఉంటామంటారు, క్యాథలిక్కులు కింది భాగంతో కలిసిపోవాలంటారు. ఎక్కువమంది లెక్క అది. ప్రొటెస్టెంట్లు అన్న మాట చెవిన పడగానే క్రీస్తుదాసు వాళ్లని తన వాళ్ల ఖాతాలో వేసేసుకున్నాడు. తమ చర్చిలో అతను పెద్ద. ప్రతి ఆదివారం లేచి నిలబడి, ఐర్లాండులో మనవాళ్లు ఓడిపోకూడదని, ఆ కలుపుడు జరగకూడదని సంఘమంతటి చేత ప్రార్థన చేయించాడు.

ఇప్పుడు ఆ కూతురే రెండు వారాల సెలవు మీద వచ్చి, కీరన్ అనే బస్సు మెకానిక్కును చేసుకుంటానంది. పిల్లవాడు క్యాథలిక్కు. పైగా దీవంతా ఒకటి కావాలనే షిన్ ఫేన్ పార్టీలో తిరిగేవాడు.

క్రీస్తుదాసు అరవలేదు. అరిచి చెడగొట్టుకున్న బేరం అతని జీవితంలో లేదు. ఒకే ఒక షరతు పెట్టాడు. క్రీస్తుదాసు వాళ్ల చర్చిలో చిన్నప్పుడు నెత్తిన చల్లిన నీళ్లను బాప్తిస్మం అనరు. పెద్దయ్యాక ఒప్పుకోలు చెప్పి, తెల్లబట్టలతో గోదావరిలో నిండా మునిగితేనే లెక్క. కీరన్ డిసెంబరులో వచ్చి మునగాలి. మర్నాడే తాను దగ్గరుండి పెళ్లి చేస్తాడు.

ఇంట్లోకి వచ్చేసరికి భార్య ఇన్నమ్మ ఉప్మా పెడుతోంది. హెప్సిబా పళ్లెం ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది.

"మునగనన్నడు డాడీ," అంది తల ఎత్తకుండానే.

"ఎందుకట?"

"ఈత రాదేమో పిల్లగానికి," అంది ఇన్నమ్మ.

"నువ్వాగు. ఎందుకట హెప్సీ?"

"మళ్లొకసారి మునిగితే చిన్నప్పటిది ఉత్తదే అన్నట్టు గదా. ఎత్తుకోని గుడికి తీస్కపోయిన అమ్మ ముందట ఆ మాట ఎట్లనాలె అంటున్నడు."

క్రీస్తుదాసు కూర్చుని పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. "బేరం పెద్దది కాదు బిడ్డా. ఒక్క మునక. బట్టలు ఆరెలోపల మరిచిపోతడు. అతనికి పోయేదేంది చెప్పు?"

"ఉన్న వీధి పోతది."

"వీధి ఎటు పోతది?"

"అక్కడ పేరు చెప్తే మతం తెలుస్తది, మతం తెలిస్తే వీధి తెలుస్తది, వీధి తెలిస్తే ఓటు తెలుస్తది డాడీ. మార్చిల ఓట్లప్పుడు పార్టీ కాగితాలు పట్టుకోని ఇల్లిల్లు తిరిగిండు. గసొంటోడు మీ చర్చిల మునిగితే ఇవతలోళ్లు అమ్ముడువోయిండంటరు, అవతలోళ్లు చప్పట్లు కొడ్తరు. ఆయన ఎవ్వరికీ కాకుంట పోతడు."

"కలుపుడంటే గంతే. రెండు డిపోలు కలిస్తే ఒక బోర్డు దించాలె. రెండు బోర్డులతోని ఏ యాపారం నడిచింది?"

"నడుస్తున్నది. ఈ నెలల్నే మొదలైంది. కలవాలనేటోళ్లు, కలవొద్దనేటోళ్లు ఒక్క ప్రభుత్వంల కూసున్నరు. ఎవ్వరూ వాళ్ల మాట ఇడవలే. అక్కడి జనంల ఎక్కువమంది ఓటేసి అవునంటేనే కలుపుడు. అప్పటిదాక అడుగుకుంట, ఆగుకుంట ఉండుడే."

"ఎన్నేండ్లు?"

"ఎవరికెరుక."

"గడువు లేని మాట మాటే కాదు హెప్సీ."

హెప్సిబా పళ్లెం పక్కకు నెట్టింది. "నాలుగేండ్ల సంది మీరు ఆదివారం లేచి ప్రార్థించింది కీరన్ ఓడిపోవాలనే గదా డాడీ. నేను అది చెప్తే ఆయన ఏమన్నడో తెల్సా? మంచిదే, మీ నాన్నకు కనీసం మా ఊరు ఎక్కడున్నదో తెల్సు అన్నడు. నవ్విండు. కోపం కూడ రాలే ఆయనకు."

"నవ్వుతడు. పోయేది నా పరువు గదా."

"శనివారం నా ఫ్లైటు. మీరు సరే అంటే డిసెంబర్ల ఇద్దరం వస్తం. లేకుంటే అక్కడనే రిజిస్టర్ చేసుకుంటం. ఆ తర్వాత ఈ గడప ఎక్కుడు నాతోని కాదు."

ఆ మాటతో క్రీస్తుదాసుకు తినబుద్ధి కాలేదు. అయినా దాచిపెట్టుకున్న ఆఖరి మాట వాడాడు. "ఏ గడప గురించి మాట్లాడుతున్నవ్? ఈ గడప ఎట్ల నిలబడ్డదో తెల్సా? మీ అమ్మ ఆర్సీఎం పిల్లనే, క్యాథలిక్కే. మా పెండ్లికి ముందు గోదాట్ల మునిగింది. అప్పటి సంది ఈ ఇంట్ల ఒక్క చర్చి, ఒక్క తీరు. ఏం తక్కువైంది ఆమెకు? అడుగు, అక్కడనే ఉన్నది గదా."

హెప్సిబా తల్లి వైపు తిరిగింది. ఇన్నమ్మ గిన్నె కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని, వంటపని మధ్యలో ఎన్నడూ కూర్చోనిది, వాళ్ల పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఏం తక్కువైందంటే ఏం చెప్పాలె హెప్సీ. తిండి తక్కువ కాలే. చీరె తక్కువ కాలే. నన్ను ఒక్క మాటన్నోడు కాదు మీ నాన్న."

"మరి?" అన్నాడు క్రీస్తుదాసు.

"మరేం లేదు. మునిగిననాడు నీళ్లు చెవులల్లకు పోయినయ్. పాస్టరుగారు ఏం అడిగిండో నాకు ఇనపడలే. తలకాయ ఊపిన. మా అమ్మ ఒడ్డు మీద కొంగు నోట్లె కుక్కుకోని నిలబడ్డది."

"ఇప్పుడెందుకే గవన్ని?"

"మీరే గదా అడుగుమన్నది." ఆమె గొంతులో కోపం లేదు. పొద్దంతా నీళ్లు మోసిన మనిషి బిందె దించినట్టు మాట్లాడింది. "సమాధుల పండుగ నాడు మా తల్లిగారూరు తల్లాడల మా తమ్ముడు అమ్మ సమాధి కాడికి కొవ్వొత్తులు తీస్కపోతడు. రమ్మని కబురు పంపుతడు. మీరు ఎన్నడూ వద్దనలే హెప్సీ డాడీ. ఒక్కసారి కూడ అనలే. ఆ రోజు పొద్దుగాల్నే ఎవరినో ఒకరిని భోజనానికి పిలుస్తరు. లారీలోళ్లనో, చర్చోళ్లనో. నేను వంటల పడత. సాయంత్రమైతది. అంతే."

రోడ్డు మీద లారీ ఒకటి గేరు మార్చి మూలిగింది.

క్రీస్తుదాసు లేచి చెయ్యి కడుక్కుని డిపోకు పోయాడు. ఎండ ఇప్పుడు నిప్పులు పోస్తోంది. లోడు మీద పగిడయ్య, కింద కూలీలు. కాంటా మీద ముల్లు ఆగింది. బరువు చెప్పి క్రీస్తుదాసు ఆగాడు. రైతు నోరు తెరిచి 'ఒప్పుకున్న' అనేదాకా కర్ర దింపించకపోవడం అతని పద్ధతి. తల ఊపితే చాలదు. తల ఊపినవాడు రేపు కాదంటాడు, లేదా కాదనలేక లోపల ఉడికిపోతాడు, రెండోది యాపారానికి ఇంకా చెరుపు.

"ఒప్పుకున్న సేటూ," అన్నాడు పగిడయ్య. "ఏంది, ఇనపడలేదా? ఒప్పుకున్నంటున్న."

క్రీస్తుదాసు వినలేదు. సమాధుల పండుగకు ఎవరెవరిని పిలిచాడో ఒక్కొక్కరే గుర్తొస్తున్నారు. పోయినేడు మణుగూరు నుంచి గని మేస్త్రి కుటుంబం. అంతకు ముందు పాస్టరుగారి బావమరిది. ఆ మనిషికి చేపల పులుసు ఇష్టమని తానే పొద్దున్నే గోదావరి రేవుకు వెళ్లి చేపలు తెచ్చాడు. ఆ రోజే ఎందుకు పిలిచావని ఎవరైనా అడిగితే, కాకతాళీయమని ప్రమాణం చేసి ఉండేవాడు. ఒక్కసారి తప్పు తూకం పొరపాటు. ప్రతిసారీ ఒకవైపే మొగ్గితే దాన్నేమంటారో డిపో నడిపేవాడికి వేరే చెప్పాలా?

ఆ ఇంట్లో ఒక్క తీరే నడిచింది. నిజమే. ఇన్నమ్మ ఓటు ఎవరూ అడగలేదు కాబట్టి.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఇంటికి వచ్చాడు. కరెంటు లేదు. హెప్సిబా వసారాలో సెల్‌ఫోను చెవికి పెట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడుతోంది. అక్కడ ఇంకా పొద్దున ఎనిమిదిన్నరే అయి ఉంటుంది. తండ్రిని చూసి ఆగింది.

"అతనేనా?"

"అవ్."

"ఇటియ్యి."

"డాడీ, తిట్టొద్దు."

క్రీస్తుదాసు ఫోను అందుకుని, మిల్లు ఆఫీసర్లతో నేర్చుకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకున్నాడు. "మిస్టర్ కీరన్. నో రివర్. నో కండిషన్. డిసెంబర్ యు కమ్. బ్రింగ్ మదర్ ఆల్సో."

అవతలి నుంచి గబగబా, రాగం తీస్తూ పెద్ద మాటొకటి వచ్చింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫోను కూతురికిచ్చాడు. ఆమె వింటూ కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమంటుండు?"

"చర్చిల మీ పెద్దరికానికి ఇబ్బంది గాదా అని అడుగుతున్నడు."

"అయితదని చెప్పు." క్రీస్తుదాసు గోడకు ఆనుకున్నాడు. "పాస్టరుగారు పెండ్లి చెయ్యనంటడు. అక్కడనే రిజిస్టర్ చేసుకోని రాండ్రి. ఇక్కడ నేను అన్నం పెడ్త. ఊరందరికి పెడ్త. పెద్దరికం పోతే పోనీ, ఆదివారం ఎనక బెంచీల కూసుంట. అక్కడ గాలి మంచిగొస్తది."

హెప్సిబా ఏడుస్తూనే నవ్వింది. ఫోను పట్టుకునే తండ్రి భుజం మీద తల పెట్టింది. అవతల కీరన్ హలో, హలో అంటూనే ఉన్నాడు.

క్రీస్తుదాసు వంటింట్లోకి వెళ్లాడు. ఇన్నమ్మ పొయ్యి పక్కన నేల మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. అంతా వినే ఉంటుంది. అతను కూడా మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేల మీద చతికిలబడ్డాడు.

"ఇన్నమ్మా, ఒక మాట అడగాలె."

"అడుగున్రి."

"నీకు మీ గుడికి పోవాలని ఉన్నదా?"

విసనకర్ర ఆగింది. ఆమె అతని వైపు చూడలేదు. పొయ్యిలో బూడిద కేసి చూసింది. కళ్లలోంచి నీళ్లు దారి తెలిసినట్టు బుగ్గల మీదుగా దిగాయి. తుడుచుకోలేదు.

"ముప్పై ఏండ్లాయె హెప్సీ డాడీ. పాటలు సగం మరిచిన. పోవాలని ఉన్నదో, లేదో, నాకే తెల్వదు."

"తల్లాడకైన పోయి..."

"ఆగున్రి. అన్నీ మీరే చెప్పకున్రి." ఆమె కొంగుతో మొహం ఒత్తుకుంది. "అడిగిన్రు గదా. ఆలోచించుకోనియ్యిన్రి నన్ను."

ఎన్ని రోజులు కావాలె అన్న మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

"సరే," అన్నాడు.

"పొద్దున తినకనే పోయిన్రు." ఆమె లేచి అన్నం పెట్టి, పచ్చి పులుసు పోసి అతని ముందు పెట్టింది. ఆ తర్వాత తన పళ్లెం కూడా తెచ్చుకుని, అతనికి ఎదురుగా కూర్చుంది.

శనివారం హెప్సిబా హైదరాబాదు బస్సెక్కింది. ఇన్నమ్మ జవాబు అప్పటికీ రాలేదు. క్రీస్తుదాసు మళ్లీ అడగలేదు.