తీసెయ్యమన్న లైటు

"ఇవి చల్లగా లేవు," అంటూ ఆమె నాలుగు బల్బుల డబ్బాలు కౌంటరు మీద వరసగా పెట్టింది.

కౌంటరు వెనక ఉన్న అబ్బాయి ఒక డబ్బా తిప్పి చూశాడు. "కూల్ అనే రాసుందండీ."

"రాసుంది కాబట్టే కొన్నాను. పని బల్ల దగ్గర పాత బల్బు వేడికి మా నాన్న చెవి మాడిపోతోంది. కూల్ కదా అని ఇవి పెట్టాను. గంటయ్యాక ముట్టుకుంటే చురుక్కుమంది."

అతను గభాలున పక్కకి తిరిగి, ఖాళీగా ఉన్న అరలో ఏదో సర్దాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"నవ్వుతున్నారా?"

"లేదండీ. కూల్ అంటే చల్లన అని కాదు. అది వెలుగు రంగు. తెల్లగా, కాస్త నీలంగా ఉంటుంది. వార్మ్ అంటే పసుపుగా ఉంటుంది. వేడి మాటకొస్తే రెండూ ఒకటే."

"నేను 'చల్లగా ఉండేవి ఇవ్వండి' అన్నాను. మీరు 'ఇవిగో' అన్నారు. అప్పుడు చెప్పొచ్చుగా ఈ పాఠం?"

అతను తల గోక్కున్నాడు.

"వెయ్యగానే మా నాన్న ఏమన్నారో తెలుసా? 'ఎవరు పోయారమ్మా, నన్ను మార్చురీకి తీసుకొచ్చావు' అన్నారు."

ఈసారి నవ్వు బయటికే వచ్చేసింది. కానీ ఆమె నవ్వలేదు. డబ్బాల మీద వాన నీళ్ళు పడితే కొంగుతో తుడుస్తోంది, అవి తిరిగి ఇచ్చేసేవే అయినా. అది చూసి అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇంట్లో ఎవరికైనా బాగోలేదాండీ?" అని మెల్లగా అడిగాడు.

చెప్పకూడదనే అనుకుంది. బయట వాన, లోపల ఇంకెవరూ లేరు, చెప్పేసింది. నాన్న ఇంట్లోనే గడియారాలు బాగుచేస్తారు. కంటి చూపు నడిమధ్యన మసకబారుతోంది. పోయిన చూపు రాదు, ఉన్నది ఏడాదో ఏడాదిన్నరో అన్నాడు డాక్టరు. మంచి వెలుతురు ఉంటే ఆ ఉన్నదాన్ని వాడుకోవచ్చు అని కూడా అన్నాడు. అందుకని ఇల్లంతా లైట్లు మార్చాలని ఆమె పూనుకుంది, తన చేతులతోనే.

భుజానికి తగిలించుకున్న గొట్టంలోంచి ఒక కాగితం తీసి పరిచింది. ఆమె సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తుంది. ఇంటి ప్లాను వెంట్రుక వాసి తేడా లేకుండా ఉంది. ప్రతి గదికీ నట్టనడుమ లైటుకని ఒక గుండ్రటి గుర్తు.

అతను చాలాసేపు చూశాడు. "గీత అద్భుతం. లైట్లు మాత్రం అన్నీ తప్పు."

"ఏమిటీ?"

"మీరు ఇంటిని పైనుంచి చూశారు మేడం. మనుషులు పక్కనుంచి కనిపిస్తారు. నడినెత్తి మీద లైటు పెడితే కళ్ళున్న చోట రెండు గుంటలు, ముక్కు కింద మీసం కనబడతాయి. ఆడవాళ్ళకైనా సరే."

అతను ఇంతకు ముందు నాటకాలకు లైట్లు వేసేవాడు. నాటకాలు తగ్గిపోయాక ఈ కొట్లో చేరాడు. కొట్లో అందరూ 'ఫోకస్' అని పిలుస్తారు.

"ముందు బల్బులు కొనకండి," అన్నాడు ఫోకస్. "వారం రోజులు ఒక పుస్తకంలో రాయండి. ఎవరు, ఏ వేళకి, ఎక్కడ కూర్చుని, ఏం చేస్తున్నారో. వెలుతురు గదికి కాదు, మనిషి చేసే పనికి పెట్టాలి."

"బిగించడం నేనే నేర్చుకుంటాను. మెయిన్ ఆపాక భయమేముంది?"

"భయం లేదనేవాళ్ళంటేనే నాకు భయమండీ."

వారం తర్వాత ఆమె పుస్తకం తెచ్చింది. ఫోకస్ పేజీలు తిప్పుతూ ఒక చోట ఆగాడు. 'పదకొండు నుంచి పన్నెండు: నాన్న పని బల్ల దగ్గర. గడియారం విప్పి ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి.' మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

అతను పుస్తకం మెల్లగా మూశాడు. "ఆయనది కుడిచేతి వాటమేనా?" అని మాత్రం అడిగాడు.

"అవును."

"అయితే బల్ల లైటు ఎడమ పక్కనుంచి రావాలి. చేతి నీడ పని మీద పడదు. నిచ్చెన ఉందా మీ ఇంట్లో?"

"లేదు."

"నేను తెస్తాను. ఆదివారం నాకు సెలవు."

అలా ఆదివారాలు మొదలయ్యాయి. తీగ చివర ఎంత వలవాలో, స్క్రూ ఎంత బిగించాలో అతను చూపించేవాడు, ఆమె చేసేది. నిచ్చెన మీద ఆమె, కింద పట్టుకుని అతను. కిందికి దిగేటప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా ఉండటానికి గోడని ఎంతో శ్రద్ధగా చూసేవాళ్ళు.

"ఏమయ్యా ఫోకసూ," అన్నారు నాన్న కుర్చీలోంచి, "ఇంట్లో లైట్లు చూడటానికి వస్తున్నావా, మా అమ్మాయిని చూడటానికా?"

"రెంటికీ నిచ్చెన ఒకటేగా అండీ."

వంటింట్లో ఒక గ్లాసు అవసరం లేకుండా చప్పుడు చేసింది.

పని బల్ల అయింది. నడవా అయింది. మెట్టు అంచు కనబడేలా కింద చిన్న లైటు పడింది. ఇక భోజనాల బల్ల మిగిలింది. దాని మీద ఆకుపచ్చ గాజు లైటొకటి గొలుసుతో వేలాడుతుంది. రెండేళ్ళ కిందట పోయిన అమ్మ ఏరి కోరి కొన్నది. మరీ కిందికి ఉంటుంది. లేచేటప్పుడు నాన్న తల దానికి కొట్టుకోని రోజు లేదు. ప్లానులో ఆ గుర్తు పక్కన ఆమె 'ఇది ఉంటుంది' అని రాసి కింద రెండు గీతలు గీసింది.

"ఇది కంట్లో పొడుస్తుంది మేడం," అన్నాడు ఫోకస్ ఒకసారి.

"అది ఉంటుంది."

"సరేనండీ."

అతను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నాలుగో ఆదివారం ఉదయం ఆఫీసు నుంచి కబురొస్తే ఆమె వెళ్ళింది. రెండు గంటల తర్వాత తడిసి ముద్దయి తిరిగి వచ్చేసరికి భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద ఆకుపచ్చ గాజు పెంకులు. పైన గొలుసు లేదు, టేపు చుట్టిన రెండు తీగలున్నాయి.

ఫోకస్ నిలబడి ఉన్నాడు. నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"నా పొరపాటండీ," అన్నాడు అతను. "మీ నాన్నగారు 'లైటు తీసెయ్యి' అన్నారు. ఊడదీయమన్నారనుకున్నాను. దించుతుంటే కొక్కెం విరిగింది."

ఆ ఇంట్లో లైటు ఆపాలంటే తీసెయ్యమనే అంటారు. ఏ ఇంట్లోనైనా అంతే.

"తీసెయ్యమంటే ఊడబెరుకుతారా?" ఆమె గొంతు తనకే కొత్తగా ఉంది. "చిన్నప్పటి నుంచీ మీ ఇంట్లో ఎవరూ లైటు తీసెయ్యమనలేదా? అన్న ప్రతిసారీ ఊడదీసి వీధిలో పారేశారా?"

"తప్పేనండీ."

"అది మా అమ్మది. ఉంటుందని రాశాను. చదవడం కూడా రాదా మీకు?"

అతను ఒకసారి కిటికీ వైపు చూశాడు. నాన్న ఇటు తిరగలేదు.

"నిచ్చెన తీసుకుని వెళ్ళండి. మళ్ళీ రాకండి."

వెళ్ళిపోయాడు. వానలో నిచ్చెన ఎత్తుకుని వీధి చివర తిరిగేదాకా ఆమె చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది.

తర్వాత మూడు ఆదివారాలు గడిచాయి. వాన విడవలేదు. వంటింట్లోంచి పడే వెలుతురులో, సగం చీకట్లో తిన్నారు తండ్రీకూతుళ్ళు. ఆమె గాజు పెంకుల్ని అంటించాలని చూసింది. వేలు తెగింది గానీ పెంకులు అతకలేదు. ఆదివారం వచ్చిందంటే వీధిలో ఎవరి అడుగు వినపడినా చేతిలో పని ఆగేది.

"ఆ అబ్బాయి మళ్ళీ రాలేదేం?" అన్నారు నాన్న మూడో ఆదివారం భోజనం దగ్గర.

"మాట సరిగ్గా వినపడనివాడు మనకెందుకు నాన్నా?"

ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

"వాడికి బాగానే వినపడింది తల్లీ. రెండుసార్లు అడిగాడు, ఆపమంటారా ఊడదీయమంటారా అని. ఊడదియ్యమన్నాను. అమ్మాయి గారిని అడిగి తీస్తానన్నాడు. నా ఇంట్లో నా మాట చెల్లదా అని అరిచాను. తీరా పగిలాక, నేను చెప్పానని అనకు బాబూ అన్నాను. ఇన్నేళ్ళొచ్చాయి, సిగ్గులేని పని."

ఆమె తన కంచం పక్కకి జరిపింది. "ఎందుకు నాన్నా? అమ్మది కదా."

"మీ అమ్మదే. నాకు తెలియదా?" ఆయన చెయ్యి బల్ల మీద తడుముకుంటూ వచ్చి ఆమె మణికట్టు దగ్గర ఆగింది. "అది సరిగ్గా నా కంటికెదురుగా ఉండేది. దాని వెనక నువ్వు కూర్చునేదానివి. ఏడాది నుంచీ నీ గొంతు వింటూ తింటున్నానే గానీ, నీ మొహం ఉండాల్సిన చోట నల్లగా ఒక ముద్ద. కూర బాగుందా అని నువ్వు అడుగుతావు. నవ్వుతూ అడిగావో, విసుక్కుంటూ అడిగావో తెలియదు. మీ అమ్మని ఎంత లైటు పెట్టినా చూడలేను. నువ్వున్నావు. చూపు ఉన్నన్నాళ్ళూ నిన్ను చూడాలనుంది. నీకు చెబితే, అమ్మ కంటే నా కళ్ళెక్కువా అనుకుంటావేమో అని భయపడ్డాను."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు నుంచి తిన్నగా కొట్టుకి వెళ్ళింది. ఫోకస్ ఎవరికో కూల్ అంటే చల్లన కాదని విడమరచి చెబుతున్నాడు. ఆమెని చూడగానే సగంలో మరిచిపోయాడు. ఆ వచ్చినాయన విసుక్కుని వెళ్ళిపోయాడు.

"మీరు అబద్ధమాడారు," అంది ఆమె.

"ఏ విషయంలోనండీ?"

"నాన్న అంతా చెప్పేశారు. లేని తప్పు నెత్తినేసుకుని ఏం బావుకున్నారు?"

అతను కౌంటరు మీది దుమ్ము వేలితో గీస్తూ నిలబడ్డాడు. "ఆయన మీద కోపమొస్తే రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి మీరు. నా మీదైతే ఈ కొట్టుకి రాకుండా ఉంటే సరిపోతుంది కదా అనుకున్నాను."

"సరిపోయిందా?"

"మీకు సరిపోయే ఉంటుంది." అతను తలెత్తలేదు. "నాకు ఒక్క ఆదివారం కూడా సరిపోలేదు."

చూరు నుంచి కారే నీళ్ళు ఇద్దరికీ బాగా వినిపించాయి.

"అన్ని మాటలన్నాను. ఒక్కటైనా తిరిగి అనాల్సింది."

"వీధిలో పారేశారా అన్నారు చూడండి, దానికి జవాబు వీధి మలుపు తిరిగాక తట్టింది. అప్పటికే ఆలస్యమైంది."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాకుండా కళ్ళు నిండాయి. "మీరు రాకపోతే నాకూ సరిపోవడం లేదు. ఆ మాట చెప్పడానికే వచ్చాను. బల్బుల కోసం కాదు."

అతను ఈసారి తలెత్తాడు. ఏదో అనబోయి, మింగి, "డాక్టరు ఏడాది అన్నాడు కదండీ?" అన్నాడు.

"ఏడాదో, ఏడాదిన్నరో."

"అయితే ఆదివారం దాకా ఎందుకు? ఈ సాయంత్రమే వస్తాను."

గొలుసు లైటు ఉన్న చోట ఇక ఏదీ వేలాడదీయలేదు. ఆమె కుర్చీకి అటొకటి ఇటొకటి, నిలబడిన మనిషి తలకి కొంచెం పైన, గోడలకి రెండు లైట్లు బిగించారు. బల్బు కంటికి కనబడకుండా పాలరంగు గాజు డిప్పలు పెట్టారు. తీగలు ఆమే కలిపింది. సరిగ్గా కుదరకపోతే మళ్ళీ విప్పి మళ్ళీ కలిపింది.

"మీరు మీ కుర్చీలో కూర్చోండి," అన్నాడు ఫోకస్ నిచ్చెన మీంచి. "ఆయన ఆయన కుర్చీలో. మామూలుగా తినేటప్పుడు ఎలా ఉంటారో అలా."

ఆమె మెయిన్ వేసి వచ్చి కూర్చుంది. పక్కనే ఉన్న స్విచ్చి నొక్కింది. వెలుగు పసుపుగా, మెత్తగా వచ్చింది. ఎక్కడా కంట్లో పొడవలేదు.

నాన్న ఎదురుగా కూర్చుని తల కాస్త పక్కకి వంచారు. చూపు నడుమ మసక కాబట్టి అంచుతో చూడటం ఆయన ఈ మధ్యే అలవాటు చేసుకున్నారు.

"ఎడమది కొంచెం దించు," అన్నారు. ఫోకస్ దించాడు. "ఇంకొంచెం. ఊ. చాలు."

ఆయన చూస్తూనే ఉన్నారు.

"ఏడ్చావా?"

"లేదు నాన్నా."

"అబద్ధం. కనురెప్పలు ఉబ్బాయి. ముక్కు కొస ఎర్రగా ఉంది." ఆయన బల్ల మీదికి వంగారు. "కనిపిస్తోందే పిచ్చిదానా."

ఆమె మొహం చేతుల్లో దాచుకోబోయింది.

"దాచకు. చేతులు తియ్యి. ఎవరి కోసం ఏడుపు? నా కోసమా, వాడి కోసమా?"

నిచ్చెన మీద మనిషి, బిగించిన స్క్రూనే మళ్ళీ బిగిస్తున్నాడు.

"ఇద్దరి కోసమూ," అంది ఆమె.

"నా సంగతంటే సరే, దానికి మందు లేదు. వాడి కోసం ఎందుకు? ఇక్కడే ఉన్నాడుగా." ఆయన నిచ్చెన వైపు తిరిగారు. "ఏమయ్యా, దిగు. దాని పక్కన కూర్చో."

అతను దిగి, ప్యాంటుకి చేతులు తుడుచుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. "మామయ్యగారూ, మీకు ఇష్టమైతేనే..."

"ఉండవయ్యా, ముందు చూడనీ. రేపు నీ గొంతు వినపడినప్పుడు దానికి తగిలించుకోవడానికి నాకో మొహం ఉండాలి కదా."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, తల పక్కకి వంచి, తొందరేమీ లేకుండా మొదట అతన్ని, తర్వాత ఆమెని, మళ్ళీ ఇద్దరినీ కలిపి చూశారు.