నల్లవాగు దగ్గర రాళ్ళకుప్ప

...అందుకే పొద్దుగూకాక ఆ దారిన ఎవడూ పోడు. రా రా, తలుపు చేరేసి కూర్చో. నల్లవాగు రాళ్ళకుప్ప సంగతే చెబుతున్నా. మర్టాగాడే నాకు చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడి చూపు తలుపు మీదే...

వాగు దాటేచోట నడుమెత్తు కుప్ప. మన ఐరిష్ వాళ్ళ అలవాటు తెలుసుగా. మనిషిని చంపిన చోట వచ్చేపోయేవాళ్ళు తలా ఒక రాయి వేసి, శిలువ గుర్తు వేసుకుని పోతారు. వెయ్యకపోతే చచ్చినవాడు వెంటపడతాడని భయం. సంకెళ్ళతో ఈ వాన్ డీమెన్ ఖైదీల దీవికొచ్చిన మనవాడల్లా ఆ కుప్పని చూసి రాయి వేశాడు. చచ్చిందెవరో మాత్రం ఎవడికీ తెలీదు.

మర్టా హత్య చేసి, యావజ్జీవం పడి ఇక్కడికొచ్చాడు. గొర్రెలు కాస్తాడు. కాలు కుంటి. అందరూ కుంటన్న అనేవాళ్ళే... అసలు పేరు ఎవరికీ పట్టలేదు.

ఆ రోజు ఫెలిమ్ అని, కొత్తగా ఓడ దిగిన ఖైదీని గొర్రెల దొడ్డికి తీసుకెళ్తున్నాడు. దారిలోనే చీకటి పడింది. వాగు దగ్గర ఫెలిమ్ ఆగిపోయాడు.

"కుంటన్నా... కుప్పలో ఎవరో మూలుగుతున్నారు."

"గాలిరా. గొర్రెని దొంగిలించినప్పుడు లేని భయం ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?"

"నవ్వకన్నా... ఎవర్ని చంపారిక్కడ?"

ఫెలిమ్ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మర్టాకి జాలేసింది. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనని మాట — అనేశాడు.

"ఇక్కడెవరూ చావలేదురా. మొదటి రాయి నేనే వేశా. నేను చంపినోడు మన దేశంలో చచ్చాడు, క్లేర్‌లో, ఒక వంతెన దగ్గర. దొర నన్ను వెళ్ళగొట్టిన పొలాన్ని వాడు కౌలుకి తీసుకున్నాడు... నా చేతిలో పార ఉంది. అక్కడికెళ్ళి వాడికో రాయి వెయ్యలేను కదా. అందుకే ఇక్కడ వేశా. మిగతావన్నీ మనవాళ్ళు తెలీక వేసినవి. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు."

ఫెలిమ్ వణుకు ఆగిపోయింది.

"ఏ వంతెన?"

"కిల్‌మరీ వంతెన."

"...అతని పేరు?"

"థేడీ. థేడీ హొనాన్."

వెనకాల — రాయి పైకెత్తిన చప్పుడు.

మర్టా తిరిగి చూడలేదు. మెడ వంచాడు. పడేదేదో పడనీ అనుకున్నాడు...

టక్.

కుప్ప మీద పడింది.

హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. పూర్తిగా వదిలాడో లేదో — ఇంకో రాయి ఎత్తిన చప్పుడు.

టక్.

అదీ కుప్ప మీదే.

అప్పుడు ఫెలిమ్ చెవి దగ్గరకొచ్చాడు. కోపం లేదు, కేక లేదు. మెల్లగా అన్నాడట... అన్న మాట అన్నట్టే చెబుతున్నా —

"ఒకటి మా అన్నకి. రెండోది నీకు, కుంటన్నా... ముందే వేసి ఉంచుతున్నా."