బొంగరం కాలికి తాడు

"కట్టొద్దండీ! మీకు దణ్ణం పెడతాను... పసిదండీ అది!"

ఆయన వినలేదు. కూతురి ఎడమకాలిని కుర్చీ కాలికి చేర్చి, మెత్తని గుడ్డతాడు చుట్టి ముడి వేశాడు. గట్టిగా కట్టలేదు. గడియారాలు బాగుచేసే చేతులవి, ఏ పనీ మోటుగా చేయలేవు. తాడుకీ కాలికీ మధ్య వేలు దూర్చి, ఒరుసుకోవడం లేదని చూసుకున్నాడు కూడా! అది చూసే తల్లి మొహం తిప్పుకుంది. కోపంతో కట్టినా బాగుండేది...

వాళ్ళది చెక్కనేల ఉన్న పాత మేడ. ముందుగదిలో కిటికీ కిందే ఆయన పనిబల్ల. దానిమీద పరిచిన తెల్లకాగితంపై నువ్వుగింజకన్నా చిన్న స్క్రూలు. ఎవరు కాస్త గట్టిగా నడిచినా నేల అదిరేది, అవి దొర్లిపోయేవి. "కదలకండి, స్క్రూలు పడతాయి!" ఆ ఇంట్లో రోజంతా వినబడే మాట అదే. అలాంటి ఇంట్లో పుట్టింది ఈ పిల్ల! ఒకచోట నిలవదు. ఒక వాక్యం చదివి లేస్తుంది, ఇంకో వాక్యం చదివి గది చుట్టూ తిరిగొస్తుంది. అందరూ బొంగరం అనే పిలిచేవాళ్ళు.

కిందటేడు తరగతి తప్పింది. సెలవులయ్యాక పెద్ద టీచరు ముందు ఒక పేజీ చదివి వినిపిస్తేనే పై తరగతి. లేకపోతే బడి మాన్పించి అక్కగారింటికి పంపేస్తానన్నాడు ఆయన.

"నాకు అప్పజెప్పు తమ్ముడూ," అంది ఆ అక్కగారు. "చేతికింద సాయంగా ఉంటుంది. గిన్నెలు తోమాలంటే ఎలాగూ కుదురుగా కూర్చోవాలిగా!"

తల్లి బడి గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంటే డ్రిల్లు టీచరమ్మ చూసింది. "కూర్చోబెట్టకమ్మా, ముందు కదిలించు. తర్వాత పుస్తకం తెరువు," అని, ఎలా చేయించాలో అక్కడే చూపించింది.

అప్పట్నుంచీ తల్లి పొద్దున్నే తడిబట్టల బకెట్టుతో పిల్లని కింద పెరట్లోకి తీసుకెళ్ళేది. కుడి మోచెయ్యి ఎడమ మోకాలికి, ఎడమ మోచెయ్యి కుడి మోకాలికి... మెల్లగా, తొందర లేకుండా. తర్వాత బట్టలతీగ నీడ నేలమీద పడిన గీత వెంబడి, మడమకి కాలివేళ్ళు ఆనిస్తూ నడక. ఆఖరున రెండు చేతులతో గోడని తొయ్యడం.

"పక్కింటోళ్ళ స్థలంలోకి జరిపేద్దామా అమ్మా?" అని కిలకిలా నవ్వేది బొంగరం.

ఆ నవ్వు తగ్గకముందే బకెట్టు బోర్లించి కూర్చోబెట్టి పుస్తకం ఇచ్చేది. మొదట రెండు వాక్యాలు. తర్వాత నాలుగు. ఒకరోజు పేజీ మొత్తం! తల్లి చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పైకొచ్చాక తండ్రి మళ్ళీ తాడు కట్టేవాడు. పిల్ల గడగడా చదివేది.

"చూశావా! కట్టి కూర్చోబెడితే ఎందుకు రాదు?" ఆయన కళ్ళలో తడి.

తల్లి నోరు తెరిచింది. పెరట్లో గెంతులేయిస్తున్నానని తెలిస్తే అదీ మాన్పించేస్తాడు... పిల్లకి చదువు వస్తే చాలదా, గెలుపు ఎవరిదైతేనేం?

"అవునండీ... మీరన్నట్టే," అంది.

పరీక్షరోజు ఆమె కుళాయి దగ్గర్నుంచి వచ్చేసరికే పిల్ల కుర్చీలో ఉంది. కాలికి తాడు. ఎదురుగా, తీసుకెళ్ళడానికి సిద్ధమై వచ్చిన ఆడపడుచు.

"ఒక్కసారి కిందికి తీసుకెళ్తానండీ..."

"ఎందుకు?"

"బట్టలు..."

"ఇవాళ బట్టలేమిటి! ఇంత కష్టపడి కుదురు తెప్పించాను, చెడగొట్టకు."

ఆ ఒక్క క్షణం... నిజం చెప్పేస్తే పోయేది! ఆడపడుచు మొహం చూసి ఆమె వంగి, బడికి తీసుకెళ్ళడానికి పిల్ల కాలి తాడు విప్పింది.

పెద్ద టీచరు ముందు బొంగరం మొదటి వాక్యం చదివింది. మళ్ళీ ఆ వాక్యమే చదివింది. మూడోసారీ అదే! బల్ల కింద కాళ్ళు ఆడుతుంటే తండ్రి మోకాలు అదిమిపట్టాడు.

"అమ్మా, ఒక్కసారి మోచెయ్యి..." అంది పిల్ల.

"కదలకు!" అన్నాడు తండ్రి.

పెద్ద టీచరు పుస్తకం మూసేసింది.

ఇంటికి రాగానే ఆడపడుచు పిల్ల గౌన్లు సంచిలో కుక్కుతుంటే తల్లికి దుఃఖం కట్టలు తెంచుకుంది. పెరడూ, మోకాళ్ళూ, తీగ నీడా, అన్నీ చెప్పేసింది. "మీరన్నట్టే అని అబద్ధమాడానండీ! నా బిడ్డ గొంతు నేనే కోశాను..."

"గెంతితే చదువొస్తుందా?" ఆడపడుచు మూతి తిప్పింది. "అలాగైతే కప్పలన్నీ కలెక్టర్లయ్యేవి!"

ఆయన నవ్వలేదు. పనికి కూర్చుంటూ కంటికి పెట్టుకున్న గడియారాల అద్దం తీసి బల్లమీద పెట్టాడు. చాలాసేపు పిల్ల కాలివైపే చూశాడు.

"సంచి అక్కడ పెట్టు అక్కా. పిల్ల రాదు."

"తమ్ముడూ!"

"ఏడాది పోతే పోతుంది. అదే తరగతి మళ్ళీ చదువుతుంది. నువ్వు బయల్దేరు."

ఆమె విసవిసా మెట్లు దిగిపోయింది. బొంగరం కుర్చీలోనే ఉంది. తాడు లేదు. అయినా ఎడమకాలు తీసుకెళ్ళి కుర్చీ కాలికి తనే ఆనించుకుంది.

"లే తల్లీ," అన్నాడు ఆయన. "నాకూ చూపించు, ఎలా చేస్తావో."

లేవలేదు.

ఆయనే లేచాడు. బతుకంతా కూర్చుని పనిచేసిన మనిషి. ఒంటికాలిమీద ఊగిపోతూ, కుడి మోచేతిని కుడి మోకాలికే ఆనించబోయాడు. నిన్నటి బొంగరమైతే పడి పడి నవ్వేది! తల్లి ఆశగా చూసింది...

ఆయన కాలు ధబ్బుమని దిగింది. నేల అదిరింది. బల్లమీది స్క్రూలు దొర్లి చెక్కల సందుల్లోకి జారిపోయాయి.

బొంగరం తలెత్తకుండా, మెల్లగా అంది:

"కదలకు నాన్నా... స్క్రూలు పడతాయి."