అతికించిన పేజీలు

శ్రావణమాసం, శనివారం మధ్యాహ్నం. జనగామకు పట్టిన ముసురు వారమైనా వదల్లేదు. గ్రంథాలయం వెనక గదిలో పురుషోత్తం సారు ముందు ఎనభై ఏడు కథలున్నాయి. సాహితీ సంఘం కార్యదర్శి దయాకర్ ఒక్కో కథ మీద రాసినవాళ్ల పేరు కనబడకుండా కాగితం ముక్క అంటించి, దాని మీద నంబరు వేసి తెచ్చాడు.

“పొద్దుగూకేవరకు జాబితా ఇయ్యాలె సార్. రేపే బహుమతుల సభ,” అన్నాడు గొడుగు దులుపుతూ.

“ఇస్త తియ్యి. పదకొండేండ్ల సంది ఇస్తలేనా?”

దయాకర్ వెళ్లిపోయాడు. సారు కళ్లజోడు తుడుచుకుని ఆ కట్ట వైపు చూశాడు. తెలుగు పండితుడు కాబట్టి, ఊళ్లో కథల పోటీ పెట్టినప్పుడల్లా ఈ బరువు ఆయన నెత్తినే పడేది. పదకొండేళ్లుగా అవే కథలు. దగ్గి దగ్గి చచ్చిపోయే కథానాయకులు, ఉత్తరం రాసిపెట్టి రైలు కింద పడేవాళ్లు, ఆఖరి పేరాలో ఉలిక్కిపడి లేచి ‘అయ్యో, ఇదంతా కలా!’ అనుకునేవాళ్లు. మొదట్లో ప్రతి అక్షరం చదివేవాడు. తర్వాత ప్రాణం విసిగింది. మొదటి పేజీ, ఆఖరి పేజీ చూసి మార్కులు వేయడం అలవాటైంది.

కొత్తగా రాసేవాళ్లు కూడా తక్కువేం తినలేదు. సారు చదివాడో లేదో తేల్చుకోవడానికి మధ్యలో రెండు పేజీల అంచులు అన్నం మెతుకుతో అతికించి పంపేవాళ్లు. కథ తిరిగి వచ్చేటప్పటికి అవి అలాగే అతుక్కుని ఉంటే ఇక ఊరంతా చాటింపే. దానికి సారు ఓ ఉపాయం కనిపెట్టాడు. గడ్డం గీసుకునే బ్లేడును సగానికి విరిచి దగ్గర పెట్టుకునేవాడు. అతికించిన పేజీలు తగిలితే అంచు వెంబడి కోసేవాడు. కోసి, చదవకుండానే మూసేసేవాడు.

అరవై తొమ్మిది ఉద్యమంలో బడులు మూతబడ్డ రోజుల్లో ఆయన కూడా ఓ కథ రాశాడు. తన ఊరి మాటల్లోనే రాసి ఎక్కడో పోటీకి పంపాడు. ‘భాష సరిచూసుకోండి’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. మళ్లీ కలం పట్టలేదు. ఆ కోపాన్ని ఇప్పుడు ఎర్ర పెన్సిలుతో పిల్లల మీద తీర్చుకుంటున్నానని ఆయనకు తెలుసు. తెలిసినా మానలేదు.

నాలుగింటికి కరెంటు పోయింది. సారు లేచి కందిలి వెలిగించుకున్నాడు. పెంకుల మీద వాన ఒకే తీరుగా పడుతోంది. నడుము నొప్పి, కళ్లు మంట. ఎనభై ఏడో కథకు మార్కులు వేసి హమ్మయ్య అనుకున్నాడు.

కింద ఇంకొకటి ఉంది.

దానికి నంబరు లేదు. పేరు మీద కాగితం ముక్క కూడా లేదు. లచ్చి, తొమ్మిదో తరగతి, ఆడపిల్లల హాస్టలు.

ఆ పేరు ఆయనకు తెలుసు. బచ్చన్నపేట రోడ్డులో, ఊరివాళ్లు చందాలతో నడిపే హాస్టలు ఒకటుంది. పాత మట్టిగోడల ఇల్లు. నిరుడు శ్రావణంలో దాని గోడ కూలి ఒక పిల్ల చచ్చిపోయింది. కొడకండ్ల దగ్గరి తండా పిల్ల, ఈ లచ్చే. బడిలో రెండు నిమిషాలు మౌనం పాటించినప్పుడు సారు కూడా తల వంచుకుని నిలబడ్డాడు.

గదిలో తడిసిన మట్టి వాసన వేస్తోంది. బయటి నుంచి కాదు... కాగితాల్లోంచి.

‘మా రూములో దక్షిణం గోడకు కడుపొచ్చింది’ అని మొదలైంది కథ. ‘కడుపు’ అన్న మాట కింద ఎర్ర గీత. మూలన ఇరవై రెండు మార్కులు. పక్కన ఆయన సంతకమే!

నిరుడు చూసిన కథ ఇది. అప్పుడు నంబరే తప్ప పేరు తెలియదు. పోటీ అయ్యాక అన్నీ తిరుగు టపాలో వెళ్లిపోయాయి. ఇదెట్లా వచ్చింది?

మధ్య పేజీల అంచున బ్లేడు కోత ఉంది. తను కోసిందే. మొదటిసారి ఆ పేజీలు తెరిచాడు.

‘సార్, ఇది కథ కాదు. గోడ వంగింది. చెప్తే కసురుకున్నరు. ఉత్తరం రాస్తే వార్డెన్ చదివి చింపుతది. కథ అయితే ఎవ్వరు చింపరు. అతికించిన పేజీ సార్లు పక్కా చదువుతరని మా దోస్తు చెప్పింది. మేం గోడ పక్కనే పంటున్నం. మీరు వచ్చి జర చెప్పుండ్రి సార్.’

ఎంత పాపం చేశాను, అనుకున్నాడు. ఒక్క నిమిషం పనికి బద్ధకించి పిల్లను చంపుకున్నాను అనుకున్నాడు.

పేజీ తిప్పాడు. నిరుడు ఈ పేజీ లేదు. పెన్సిలు రాత. కాగితం తడిగా, చల్లగా ఉంది.

‘సార్, దక్షిణం గోడ కొత్తగ కట్టిండ్రు. ఇప్పుడు తూర్పు గోడ. ఇయ్యాలనే.’

ఎక్కడో మట్టి రాలిన చప్పుడు... ఆగింది... మళ్లీ రాలింది.

ఆఖరి రెండు పేజీలు అతికించి ఉన్నాయి. సారు లేచి నిలబడే ఉన్నాడు. చెయ్యి తన అలవాటు కొద్దీ బ్లేడు తీసి అంచు వెంబడి కోసింది. కోసి మూసింది. ఆయన అప్పటికే తలుపు దాటి సైకిలు అందుకున్నాడు.

మైలున్నర దూరం. బురద. యాభై నాలుగేళ్ల కాళ్లు. సైకిలు కదలనంటోంది. హాస్టలు చేరేసరికి మసక చీకటి. వార్డెన్ ఊరికి పోయిందట. వంటమనిషి ఓదెమ్మ ఒక్కతే ఉంది.

“ఓదెమ్మా, పిల్లలను రూములకెల్లి బయటికి తియ్యి. తూర్పు గోడ కూలుతది.”

“ఎవలు చెప్పిండ్రు సార్? గోడ మంచిగనే ఉన్నది. గీ వానల యాడికి తోలాలె?”

“వంటరూములకు తోలు. జల్ది! నీ కాళ్లు మొక్కుత.”

పండితుడి నోట ఆ మాట విని ఓదెమ్మ బిత్తరపోయింది. సారు లోపలికి దూరి, పడుకున్నవాళ్లను రెక్క పట్టి లేపాడు. ఇరవై ఆరుగురు. పెట్టెలు వద్దన్నాడు, పుస్తకాలు వద్దన్నాడు. ఆఖరి పిల్ల గడప దాటింది.

గోడ కూలింది. పెద్ద చప్పుడేం కాలేదు. అలిసిపోయిన మనిషి కూలబడ్డట్టు, మెల్లగా కూలింది. పరుపులన్నీ మట్టి కింద.

వంటగది గడపలో సారు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడాది ఆలస్యమైంది. అయినా వచ్చాను కదా తల్లీ, అనుకున్నాడు. ఒళ్లంతా తేలికైంది. అక్కడే పడి నిద్రపోవాలనిపించింది.

ఓదెమ్మ చాయ గ్లాసు చేతికిచ్చి, అటూ ఇటూ చూసింది.

“సార్, మీ సైకిల్ ఎనక కూసొని వచ్చిన పిల్ల యాడికి పోయింది?”

“నేనొక్కన్నే వచ్చిన.”

“లే సార్. మీరు దిగంగనే దిగింది. ఒళ్లంత మట్టే. మీరు లోపలికి ఉరికినంక నా చెవిల చెప్పింది...”

“ఏం చెప్పింది?”

ఓదెమ్మ గొంతు తగ్గించింది. “‘సార్ మొత్తం చదివిండా... అడుగు’ అన్నది.”

చాయ గ్లాసు సారు చేతిలోంచి జారిపోయింది. చదవకుండా కోసి మూసిన ఆ రెండు పేజీలు గ్రంథాలయం బల్ల మీద ఉన్నాయి. పిల్లలను ఇక్కడికి తోలమన్నది తనే. బయటికి రమ్మని అరవాలి. ఎటు రమ్మనాలి? వసారాకా? గేటు దగ్గరికా? ఎటు చూసినా మట్టిగోడలే. వాటిలో ఇక కూలేది ఏది?

వాన తగ్గలేదు. పిల్లలు చలికి వణుకుతూ పొయ్యి దగ్గరికి జరిగి, వెనక గోడకు వీపులు ఆనించి వరసగా కూర్చున్నారు. చివరన ఉన్న చిన్నపిల్ల పక్కకు తిరిగి, ఎవరూ లేని చోటు వైపు చూస్తూ అంది.

“జర జరుగక్కా... నాక్కూడ గోడ ఇయ్యి.”