అయిదు ఇత్తడి తొడుగులు

“వేట సీజన్ మొదలయ్యే రోజునే ముసలాయన్ని లేపేస్తారు,” అన్నాడు చీఫ్ హాలొవెల్, హోటల్లో పాన్‌కేకుల మీద సిరప్ ధారగా పోస్తూ. “ఆ రోజు మోంటానా అంతా తుపాకీ మోతే. ఒక మోత ఎక్కువైతే ఎవడు తల తిప్పుతాడు?”

ఏజెంట్ ఎల్డన్ రస్క్ కాఫీ కప్పు కింద పెట్టాడు. ముసలాయన అంటే ఆరెల్ డొబ్రె. సముద్రం అవతలి గూఢచారి ముఠా గుట్టు విప్పేసి, పేరు మార్చుకుని, కొండల్లో గుర్రాలు పెంచుకుంటున్న మనిషి. ఒకసారి పారిపోయాను, రెండోసారి పారిపోనని మొండికేశాడు. కాపలా పెడితే వాళ్ళనే తరిమాడు.

“షూటర్ పేరు కాస్పర్,” అన్నాడు చీఫ్. “కొట్లో అమ్మే తూటా ముట్టడు. తన రైఫిల్లో పేలిన తూటాల ఇత్తడి తొడుగుల్నే సరిచేయించి, మళ్ళీ మందూ గుండూ నింపించి వాడతాడు. ఆ పనికి మనిషిని వెతుకుతున్నాడు. నువ్వు చేరు. ఎక్కణ్ణుంచి కొడతాడో తెలియగానే ఇది నొక్కు.”

చీఫ్ బల్లమీద పెట్టింది చూడటానికి మామూలు డిజిటల్ కాలిపర్, తూటాల కొలతలు తీసే పనిముట్టు. సున్నా బటన్ నొక్కి పట్టుకుంటే సిగ్నల్ పంపుతుంది.

“లోపల మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా సార్?”

“ఉంటే నీకు చెప్తానా?”

సీజన్ మొదటి రోజు ఉదయం కాస్పర్ తన మనుషులిద్దరినీ ఒక చెక్క క్యాబిన్‌కు తీసుకొచ్చాడు. ఒకడు రస్క్. రెండోది మార్గో స్ట్రాండ్. ఎర్రజుట్టు, వేటగాళ్ళ నారింజరంగు కోటు. దానిలోనూ విందుకు బయల్దేరినట్టే ఉంది. కిటికీలోంచి చూస్తే కింద డొబ్రె గుర్రాలశాల. చోటు తెలిసిపోయింది. రస్క్ కొలత తీస్తున్నట్టు నటిస్తూ కాలిపర్ బటన్ నొక్కాడు.

తెర వెలగలేదు. బ్యాటరీ చచ్చింది. తూటాలు నింపుకునే ప్రతివాడి డ్రాయర్లోనూ బ్యాటరీ అయిపోయిన కాలిపర్ ఒకటి పడి ఉంటుంది. అది తెలిసీ తను చూసుకోలేదు.

“ఇలా తే, నా దగ్గర కొత్త బ్యాటరీ ఉంది,” అని కాస్పర్ దాన్ని లాక్కుని మూత ఊడదీశాడు. లోపలి తీగలు చూశాడు. రస్క్ కాలికి బేడీ వేసి బల్లకు తగిలించాడు. బల్ల నేలకు బిగించి ఉంది.

“పని కానియ్. నీ సంగతి తర్వాత చూస్తా.”

ముందురోజు కాస్పర్ గురి సరిచూసుకోవడానికి కాల్చిన తొడుగులు అయిదు. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి, తూటా కూర్చునే రైఫిల్ చాంబర్‌ నిండా అంటుకుంటుంది. ప్రెస్‌లో డై అనే అచ్చును కిందికి దించి, తొడుగు మెడ దగ్గర సన్నబడే చోటుండే భుజాన్ని వెంట్రుకవాసి వెనక్కి తోయాలి. అలా తోస్తేనే రైఫిల్ వెనక గడియలాంటి బోల్ట్ మూతపడుతుంది. రస్క్ డైని కాస్త పైకి వదిలాడు. ఉన్న ఒక్క ఆయుధం అదే.

కాస్పర్ ఆ ఖాళీ తొడుగును రైఫిల్లో పెట్టి చూశాడు. బోల్ట్ పిడి దిగలేదు. రస్క్ చెంప మీద లాగి ఒక్కటి పీకాడు.

“నాతోనా ఆటలు? దీని భుజం దిగిందట్రా? మళ్ళీ కొట్టు!”

ఆ తర్వాత అయిదూ సరిగ్గానే దిగాయి. ప్రతిదానికీ బోల్ట్ పిడి దాని బరువుకి అదే పడింది. రస్క్‌కు ఏడుపొచ్చింది. ముసలాయన్ని చంపే తూటాలకు తన చేతులతోనే కొలత కుదిర్చాడు.

“నువ్వు పక్కకి జరుగు బాబూ,” అంది మార్గో రస్క్‌తో. కాస్పర్ వైపు తిరిగింది. “మందు పోసి గుండు బిగించేది నేను. వీడి చేతికి మందిస్తే కొంప ముంచుతాడు.”

కాస్పర్ రైఫిల్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మార్గో గుండు బిగించే డైని కిందికి తిప్పింది. ఇంకా తిప్పింది. మొదటిసారి ప్రెస్ పట్టిన కుర్రకారు చేసే తప్పు. మీటను గట్టిగా నొక్కేసరికి మెడ నలిగి, ఒక్కొక్క తొడుగు భుజం కింద ఇత్తడి సన్నగా పొంగింది. గోరుకు తగిలేంత పొంగు; తూటా చాంబర్‌లో ఇరుక్కోవడానికి అది చాలు. పని రాదా, లేక కావాలనే చేస్తోందా? రస్క్‌కు అర్థం కాలేదు.

“ఏరా, ఎలా నింపింది?” అన్నాడు కాస్పర్, వెనక్కి తిరక్కుండానే.

“నాకంటే నయం,” అన్నాడు రస్క్.

నిండు తూటాను సరిచూడ్డానికని రైఫిల్ చాంబర్‌లో ఎక్కించకూడదు. తూటాలు నింపేవాళ్ళందరికీ అది మొదటి పాఠం. ఆ పాఠాన్ని హంతకుడూ మరిచిపోలేదు. మనిషి గురిలోకి వచ్చాకే ఎక్కిస్తాడు.

డొబ్రె బకెట్‌తో బయటికొచ్చాడు. ఓట్స్ తొట్టిలో పోసి, గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు. ఇంతకంటే తేలికైన గురి ఉండదు. రస్క్ గొలుసు గుంజాడు. చీలమండ చర్మం లేచింది తప్ప బల్ల కదల్లేదు. అరిస్తే వినపడే దూరం కాదు.

కాస్పర్ తూటా పెట్టి బోల్ట్ తోశాడు. పిడి సగంలో ఆగింది. అరచేత్తో కొట్టాడు. ఇంకొంచెం దిగి బిగుసుకుపోయింది. వెనక్కీ రాలేదు. బూతులు తిడుతూ సుత్తి అందుకుని కొట్టాడు. పిడి కిందికి జారుతోంది. ఇంకొక్క దెబ్బ చాలు.

కింద శాల తలుపు మూసుకుంది. గుర్రమూ లేదు, మనిషీ లేడు.

కాస్పర్ పిస్టల్ తీసి రస్క్ వైపు తిరిగాడు. వెనకనుంచి మార్గో తన పిస్టల్ మడమతో వాడి తలమీద ఒక్కటిచ్చింది. కాస్పర్ కుప్పకూలాడు.

“నాలుగేళ్ళ వేషం నాది!” అంది రస్క్ బేడీ విప్పుతూ. “తూటా ఇరుక్కుంది, ఖర్మ అని సరిపెట్టుకుని అందరం ఇంటికి పోయేవాళ్ళం. నీ బ్యాటరీ పాడుగాను, నిన్ను కాపాడబోయి అంతా బయటపడిపోయింది!”

రస్క్ తల వంచుకున్నాడు.

వారం తర్వాత అదే హోటల్లో చీఫ్ రిపోర్టు ముందు పెట్టుకున్నాడు. “నువ్వేం చేశావని రాయమంటావు?”

“కూర్చున్నానని రాయండి సార్.”

చీఫ్ అలాగే రాసి, ఒక చిన్న పెట్టె జరిపాడు. లోపల గడియారంలా ముల్లు తిరిగే పాతకాలం కాలిపర్ ఉంది.

“దీనికి బ్యాటరీ అక్కర్లేదు.”

“మరి సిగ్నల్?”

“ఎలాగూ నువ్వు పంపవుగా!”